ఉమాపతి సారు త్రేనుపుల లెక్క

ఉమాపతి సారుకు వినబడేంత దూరంలో ఎవరూ త్రేన్చకూడదు. త్రేన్చారా, అయిపోయినట్టే. చొక్కా జేబులోంచి చిన్న పుస్తకం వస్తుంది, చెవి మీంచి పెన్సిల్ ముక్క దిగుతుంది. ఆయన చేతి గడియారం చూసుకుని, "ఏం తింటిరి స్వామీ? ఎంతసేపయింది? ఇది మొదటిదా, రెండోదా?" అని అడుగుతాడు. ఎదుట ఉన్నది పెద్ద ప్రొఫెసరా, రిక్షా తొక్కేవాడా అన్న తేడా ఆయనకు లేదు. సమాధానం చెప్పేదాకా వదలడు, చెప్పాక రాసుకోకుండా ఊరుకోడు.

ఇప్పుడంటే దేశదేశాల పెద్దలు సభలు పెట్టి, పశువులు త్రేన్చే వాయువుతో భూమి వేడెక్కుతోంది, వాటి మేత మార్చాలి అని బల్లలు గుద్దుతున్నారు. 1967లో ఆ గోల లేదు. తార్నాక పక్కన యూనివర్సిటీ క్యాంపస్‌లో, ఒక మూలకు విసిరేసినట్టున్న రేకుల షెడ్డు. అందులో రెండు బర్రెలు. వాటి మూతి దగ్గర చెవి పెట్టుకుని కూచున్న ఉమాపతి సారు. ఆయనను చూసి తల కొట్టుకునే అటెండరు బుచ్చిరాములు. ప్రపంచం మొత్తానికి ఈ సంగతి పట్టించుకున్నది ఆ నలుగురే అనుకోవచ్చు, అందులో ఇద్దరు నెమరు వేసేవాళ్లు.

సారుది అనంతపురం వైపు. ఉద్యోగంలో చేరిన మొదటిరోజే బుచ్చిరాములును కూచోబెట్టి సిద్ధాంతం బోధించాడు.

"చూడప్పా, బర్రె పది ముద్దలు తింటే అందులో ఒక ముద్ద దాకా తేపుల్లోనే గాలికి పోతాంది. మేతకు కరువొచ్చిన కాలంలో ఒక ముద్దంటే తమాషానా? అది పాలల్లోకి పోవల్లగానీ గాలికి పోతే ఎట్ల?"

"తేన్పకుంటే బర్రె సస్తది సార్," అన్నాడు బుచ్చిరాములు. అతను పుట్టింది భువనగిరి దగ్గర పల్లెలో. బర్రెల గురించి ఒకరు చెప్తే వినాల్సిన మనిషి కాదు.

"పూర్తిగా ఆపమని ఎవరన్న్యారు? తగ్గించల్లంటాండా. తగ్గించే మేత యాడో ఒకచోట ఉండాది. కనుక్కోవల్ల."

కనుక్కోవాలంటే ముందు త్రేనుపును పట్టుకోవాలి. బర్రె మూతికి గోనెసంచి కట్టి, దానికి రబ్బరు గొట్టం తగిలించి, గొట్టం చివర ఫుట్‌బాల్ బ్లాడర్ పెట్టారు. బ్లాడర్లు క్యాంపస్ ఫుట్‌బాల్ టీముకు చెందినవి. టీము కెప్టెన్ వీరస్వామి రోజూ షెడ్డుకొచ్చి బతిమాలేవాడు.

"సార్, గీరోజు మ్యాచ్ ఉన్నది. మా బ్లాడర్ మాకిచ్చేయుండ్రి."

"దాంట్లో పన్నెండు గంటల తేపు ఉండాది నాయనా. సాయంత్రం రా."

ఓపిక పట్టలేక ఒకనాడు వాళ్లే ఎత్తుకుపోయి, ఉన్న గాలి ఉన్నట్టే బంతిలో దూర్చి ఆడేశారు. ఆటలో బంతి ఎక్కడో చిన్నగా కారింది. బంతి దగ్గరికొచ్చినప్పుడల్లా మన గోల్‌కీపర్ ఒక చేత్తో ముక్కు మూసుకుని, రెండో చేత్తో పట్టబోయి ఏడు గోల్స్ వదిలాడు. సారు ఓడిన టీమును ఓదార్చలేదు. బ్లాడర్లో ఎంత మిగిలిందో చూసుకుని గుండెలు బాదుకున్నాడు.

ఇక మేతలు. చింతగింజల పొట్టు, మామిడి టెంకల పిండి, వెల్లుల్లి పొట్టు, పత్తిగింజల చెక్క, ఒకటా రెండా. బౌద్ధనగర్‌లో ఏ ఇంటి ముందు చింతపండు గింజలు తీస్తున్నా సారు సంచి పట్టుకుని నిలబడేవాడు. పాపం ఏ ఊరి సాధువో అనుకుని ఒకామె పావుసేరు జొన్నలు కూడా పోసింది. ఆయన కాదనకుండా తీసుకుని, జొన్నలు బర్రెకు పెట్టి, అదీ రాసుకున్నాడు.

కుంకుడుకాయ రోజు మాత్రం క్యాంపస్ మరచిపోలేదు. సారు భార్య భూదేవమ్మ ఆదివారం తలంటుకు నానబెట్టుకున్న కుంకుళ్లు తెల్లారేసరికి మాయమయ్యాయి. తొమ్మిది గంటలకు రెండో నంబరు బర్రె నోట్లోంచి నురగ మొదలైంది. ఆ నురగతోనే అది కట్టు తెంపుకుని హాస్టల్ వైపు నడిచింది. బర్రెకు పిచ్చెక్కిందని హాస్టల్లో తలుపులన్నీ మూసుకున్నారు. వెనకాల ఉమాపతి సారు పుస్తకం పట్టుకుని, "నిలువమ్మా, ఒక్క తేపు, ఒక్కటే!" అని పరుగు. ఆయన వెనక తాడు పట్టుకుని బుచ్చిరాములు. అందరి వెనక జుట్టు విరబోసుకుని భూదేవమ్మ.

"నా తలేమో జిడ్డోడుతాంది, మీ బర్రె నోట్లో నురగ. అసలు తలకు ఎవరికి పోయల్లనుకున్నారండీ మీరు?"

"ఇది గనక తేపు తగ్గించిందంటే, భూదేవీ, దేశానికంతా..."

"దేశం సంగతి తర్వాత. శీకాయ తెండి పోండి."

పెళ్లిళ్లకు ఆయనను పిలవాలంటే బంధువులు భయపడేవాళ్లు. వారాసిగూడలో ఒక పెళ్లిలో మగపెళ్లివారి పెద్దాయన సుష్టుగా భోంచేసి, పందిరి అదిరేలా త్రేన్చి, అన్నదాతా సుఖీభవ అన్నాడు. ఆడపెళ్లివారి మొహాలు వెలిగాయి. అంతలో ఉమాపతి సారు ఆయన ముందు గొంతుక్కూచుని, "ఇది మూడోది. మొదటి రెండూ మీరు మెల్లగా వదిలినారు, నేను విన్న్యా. ఇంతకీ అప్పడమా, పాయసమా?" అన్నాడు. పెద్దాయన కండువా దులిపి లేచాడు. ఆయనను మళ్లీ కూచోబెట్టడానికి ఆడపెళ్లివారు ఇంకో పట్టు పంచె పెట్టాల్సివచ్చింది.

డబుల్ డెక్కర్ బస్సులోనూ అంతే. ఎవరో త్రేన్చి దిగిపోతే, సారు తార్నాకలో దిగాల్సినవాడు చిలకలగూడలో ఆయన వెంట దిగి సందుల్లో పడ్డాడు. ఆ మనిషి ఈయనను సీఐడీ అనుకుని, అడక్కుండానే తన తప్పులు మూడు ఒప్పుకున్నాడు. "అవన్నీ నాకెందుకప్పా, పొద్దున ఏం తింటివి?" అని ఈయన.

ఈ వింతలన్నీ సాయంత్రం ఇంటికెళ్లి భార్య సాలమ్మకు చెప్పి నవ్వించడమే బుచ్చిరాములు పని. చెప్పనిది ఒక్కటే ఉంది.

ఆ రోజుల్లో వరుసగా రెండేళ్లు వానలు లేవు. రేషన్ షాపులో బియ్యం కంటే మనుషులు ఎక్కువ. వారాసిగూడలో బుచ్చిరాములు ఇంట్లో ముసలితల్లి రాములవ్వ, సాలమ్మ, నలుగురు పిల్లలు. మధ్యాహ్నం కూడు తను తింటే ఒక పిల్లకు తక్కువవుతుంది. అందుకని ఇంట్లో, "క్యాంపస్ క్యాంటీన్ల పెడుతుండ్రు," అని చెప్పాడు. క్యాంపస్‌లో, "ఇంటికాడినుంచి తెచ్చుకున్న," అని చెప్పాడు. ఇంట్లో చూడకుండా ఖాళీ క్యారియర్ రోజూ పట్టుకొచ్చేవాడు. పన్నెండున్నరకు షెడ్డు వెనక్కి వెళ్లి కాసేపు కూచుని, పంపు దగ్గర అందరూ చూసేట్టు ఆ గిన్నెలను బూడిద పెట్టి తోమేవాడు. తినని గిన్నెలు అంత తళతళలాడటం క్యాంపస్‌లో ఇంకెక్కడా లేదు.

మన దగ్గర మర్యాద అలాంటిది. ఎవరైనా తిన్నవా అంటే తిన్న అనాలి. ప్రాణం పోతున్నా సరే, తినలేదు అన్నవాడు అడుక్కున్నవాడితో సమానం.

ఒకనాడు మధ్యాహ్నం ఉమాపతి సారు షెడ్డులోకొచ్చాడు.

"తింటివా బుచ్చిరాములూ?"

"తిన్న సార్. కడుపు నిండ తిన్న."

సారు సరే అని పక్కనే గడ్డి మోపు మీద కూచుని ఇరవై నిమిషాలు చెవి రిక్కించాడు. రెండో నంబరు బర్రె వంతు కాబోలు అనుకుని బుచ్చిరాములు పట్టించుకోలేదు. మర్నాడూ, ఆ మర్నాడూ అలాగే కూచున్నాడు. నాలుగోనాడు పెద్ద రిజిస్టరు తెరిచి, ఒక కొత్త గీత గీశాడు.

"షెడ్డుకు శాంక్షనిచ్చే ఢిల్లీ వాళ్లకు పోలిక కావల్లంటప్పా. రెండు బర్రెలకూ మేత మారుస్తాండాం గదా. మారని మేత తినే మూడో ప్రాణి ఒకటి ఉండల్ల."

"ఇంకో బర్రెను కొందామా సార్?"

"శాంక్షన్ లేదు. నువ్వుండావు గదా."

బుచ్చిరాములు చేతిలో తట్ట కిందపడింది. "నేనా? నన్ను బర్రెల లెక్కల రాస్తరా?"

"సైన్సుకు మనిషీ బర్రే లేదు. పన్నెండున్నరకు మా ఇంటికి రా. తేపు వచ్చేదాకా తినల్ల. వచ్చినాక లేయల్ల. ఇంతే పని."

క్వార్టర్స్‌లో వెనక వసారాలో భూదేవమ్మ ఆకు వేసి, పిడికిలికి రెండింతలున్న నల్లటి ముద్ద పెట్టింది.

"గిదేందమ్మా? దాణానా?"

"సంగటి నాయనా. రాగి సంగటి. చెనిగ్గింజలు నూరిన ఊరిబిండి ఇది, నంజుకో."

"గిది తింటే తేన్పు గాదు, పానమే వస్తది బయటికి."

అన్నాడే గాని, సగం ముద్ద లోపలికి పోయేసరికి మాట మానేశాడు. మూడో ముద్దకు అభిమానం అడ్డొచ్చింది. ఇక చాలని, గొంతులోంచి ఒక దొంగ త్రేనుపు తెచ్చాడు.

సారు పెన్సిల్ కదల్లేదు. "అది గొంతులోదప్పా. కడుపులోది కాదు. నేను రాయను. ఇంకో ముద్ద ఎయ్ భూదేవీ."

ఆ చెవిని మోసం చేయడం బుచ్చిరాములు తరం కాలేదు. నెల తిరిగేసరికి చొక్కా గుండీలు బిగిశాయి. కానీ మర్యాద మంటగలిసింది. వీరస్వామి ఎదురైతే, "ఏం అన్నా మూడో నంబర్, ఒక కట్ట గడ్డెయ్యాల్నా?" అనేవాడు. చివరికి వార్త సాలమ్మ దాకా వెళ్లింది.

"బర్రెల పక్కన నీ పేరు రాసిండా?"

"పేరు రాయలే. నంబరే."

"పేరన్న రాయలేదా!" అని సాలమ్మ మూడు రోజులు మాట్లాడలేదు. క్యాంటీన్ సంగతి అబద్ధమని ఆమెకు అప్పుడే అర్థమైందేమో, నాలుగో రోజు మాత్రం సారుకు ఇవ్వమని పెరట్లోని చింతగింజలు మూట కట్టి ఇచ్చింది.

ఇలా ఏడాది గడిచింది. అప్పుడు ఢిల్లీ నుంచి ఉత్తరం వచ్చింది. షెడ్డు నడిచేది ఢిల్లీ వాళ్ల అనుమతి మీద. కమిటీ వచ్చి చూసి, ఇది పనికొచ్చే పని అంటే ఉంటుంది, లేదంటే తాళం. డిపార్ట్‌మెంట్ పెద్ద స్వయంగా షెడ్డుకొచ్చి హెచ్చరించాడు. "రిజిస్టరు అక్షరం అక్షరం చూస్తారట, ఉమాపతి గారూ. ఎక్కడైనా పిచ్చి కనబడిందా, ఆ రోజే మూసేస్తారు."

బుచ్చిరాములు విన్నాడు. షెడ్డు పోతే తన కొలువూ పోతుంది, అది సరే. కానీ షెడ్డు పోతే ఈ సారు ఏమైపోతాడు? ఈ మనిషికి ఇంకో పని రాదు. ఇంకెక్కడా నిలవడు. రిజిస్టరులో పిచ్చి అంటూ ఉంటే అది తానే, ఆ మూడో నంబరే. దాన్ని చింపేయాలనుకున్నాడు. రిజిస్టరు ఇంగ్లీషులో ఉంది. ఏ కాగితం చింపాలో తెలియక, సారు దగ్గర రీసెర్చి చేసే లలిత దగ్గరికి చాటుగా పట్టుకెళ్లాడు.

"చింపడం కుదరదు రాములన్నా," అంది లలిత. "ప్రతి పేజీలో ముగ్గురూ పక్కపక్కనే ఉన్నారు."

"మరి గీ పోలిక లేకుంటే నడ్వదా అమ్మా?"

లలిత నవ్వబోయి ఆగింది. "అసలు ఇది పోలికే కాదు. బర్రె కడుపుకు నాలుగు అరలు, మనిషికి ఒకటి. బర్రె పొట్టలో పుట్టే గ్యాస్ వేరు, మనం త్రేన్చేది వేరు. ఫస్టియర్ పిల్లలకు కూడా తెలుసు. వాళ్లకు చెప్పిందే మన సారు."

"మరి నన్నెందుకు పెట్టిండు?"

ఆమె మొదటి పేజీకి వెళ్లి వేలు పెట్టి చదివింది. "మూడో నంబరు. మొదటి రోజు, మేత లేదు, త్రేనుపు లేదు. రెండో రోజు, మేత లేదు, త్రేనుపు లేదు. మూడో రోజు, మేత లేదు, త్రేనుపు లేదు. నాలుగో రోజు, సంగటి రెండున్నర ముద్దలు, ఊరిబిండి, మజ్జిగ. త్రేనుపు ఒకటి."

బుచ్చిరాములు చెవులు వేడెక్కాయి. కడుపు నిండ తిన్న అని తను చెప్పిన మూడు రోజులూ ఆ మనిషి పక్కనే కూచుని విన్నది రెండో బర్రెను కాదు. సిగ్గేసింది, కోపమొచ్చింది, వెంటనే ఆ కోపం ఎవరి మీదో తెలియక పోయింది. రిజిస్టరు మూసి, తీసిన చోటే పెట్టాడు.

కమిటీ వచ్చింది. కమిటీ పెద్దకు మెలితిప్పిన బుర్ర మీసాలు. రెండు బర్రెలనూ చూశాడు, బ్లాడర్లనూ చూశాడు, తల ఊపాడు. రిజిస్టరు తెరిచాడు. కొంతసేపటికి మీసం కదిలింది.

"నంబర్ త్రీ. మగది. వయసు ముప్పై ఆరు." కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ముప్పై ఆరేళ్ల దున్నపోతు! ఏదీ, చూపించండి."

డిపార్ట్‌మెంట్ పెద్ద రేకుల కప్పు వైపు చూశాడు.

"అది మనిషి సార్," అన్నాడు ఉమాపతి.

"మనిషా? ఎందుకు?"

ఒక్క మాట చెప్తే చాలు. ఇతనికి కూడు లేదు, నేను పెట్టాను, అంటే అయిపోతుంది. ఉమాపతి సారు బుచ్చిరాములు వైపు ఒకసారి చూసి, ఇంగ్లీషులో నెమ్మదిగా అన్నాడు. "పొరపాటు నాదే సార్. మనిషి కడుపూ బర్రె కడుపూ ఒకటే అనుకున్నాను."

కమిటీలో ఒకాయన దగ్గు వచ్చినట్టు నవ్వాడు. లలిత తల దించుకుంది. పెద్దాయన పెన్ను మూత తీసి, "ఆ మాత్రం తెలియని వారికి బర్రెలు ఎందుకండీ?" అని పాళీ కాగితం మీద పెట్టాడు.

ఇంగ్లీషు అర్థం కాకపోయినా ఆ నవ్వూ, పెన్ను మూతా అర్థమయ్యాయి బుచ్చిరాములుకు. సారు అసలు సంగతి దాచాడు. పేడ తట్ట కింద పెట్టి ముందుకొచ్చాడు. ఢిల్లీ ఆయనకు తెలుగు రాదు, తనకు ఇంగ్లీషు రాదు. చిలకలగూడ సందుల్లో నేర్చిన హిందీ అక్కరకొచ్చింది.

"ఝూట్ సాబ్! సార్ ఝూట్ బోల్‌రే. ఇన్‌కు సబ్ మాలూమ్. భూకా మై థా." సారు చెప్పింది అబద్ధం, ఆయనకు అన్నీ తెలుసు, ఆకలి నాదే అన్నాడు. తిన్నానని రోజూ చెప్పింది కూడా తానే అన్నాడు. ఏడాది నుంచి ఎవరికీ చెప్పని ముక్కను వీరస్వామి, డిపార్ట్‌మెంట్ పెద్ద, అందరూ వింటుండగా గట్టిగా చెప్పేశాడు. మొదటి పేజీ తీసి మొదటి మూడు రోజుల సున్నాలూ వేలు పెట్టి చూపించాడు.

"నోర్ముయ్ బుచ్చిరాములూ!" అని కేకేశాడు ఉమాపతి. "ప్రయోగంలో ఉన్న ప్రాణి మాట్లాడకూడదు!"

పెద్దాయన సున్నాల వైపు చూశాడు, నాలుగో రోజు సంగటి వైపు చూశాడు, పెన్నుకు మూత పెట్టాడు. "మిగతా రెండు నంబర్ల లెక్కా ఇంత కచ్చితమేనా?" అన్నాడు.

ఉమాపతి సారుకు కోపమొచ్చింది. లెక్కను అనుమానిస్తే ఆయన ఊరుకోడు. మామూలు మేత తిన్న రోజు బ్లాడర్ తెచ్చి గొట్టం ముందు అగ్గిపుల్ల గీశాడు. నీలిమంట బుస్సుమని లేచి పెద్దాయన కుడి మీసం కొసను అంటించింది. చింతగింజల పొట్టు తిన్న రోజు బ్లాడర్ తెచ్చి గీశాడు. మంట కాసేపు మినుకుమని ఆరిపోయింది. పెద్దాయన మీసం నలుపుకుంటూనే, "ఇంకోసారి చూపించండి," అన్నాడు. ఈసారి రెండడుగులు దూరం జరిగాడు.

నెలకు ఉత్తరం వచ్చింది. షెడ్డు ఇంకో రెండేళ్లు ఉంటుంది. బర్రెలు ఇంకో రెండు వస్తాయి. చివరన ఒక షరతు. నంబర్ త్రీని తక్షణం రిజిస్టరు నుంచి తొలగించవలెను.

క్యాంపస్ అంతా సంబరపడింది, సారు తప్ప. పొద్దుట్నుంచీ షెడ్డులో అటూ ఇటూ తిరుగుతూ లలితను సలహాలడిగాడు. "సంగటికీ పేడ తట్ట మోసే బలానికీ సంబంధం మీద ప్రయోగం పెడితే ఎట్లుంటాదమ్మా?" కుదరదంది. "పోనీ ఊరిబిండి మీద?" అదీ కుదరదంది. పన్నెండున్నర కావస్తుంటే ఆయన వాడిపోయిన మొహంతో ఇంటికి నడిచాడు.

వెనక వసారాలో బుచ్చిరాములు అప్పటికే నిలబడి ఉన్నాడు. చేతిలో క్యారియర్ లేదు.

"అమ్మా, ఆకలైతున్నది," అన్నాడు, ఎవరూ ఏమీ అడక్కుండానే.

"ఆకలైతే అట్ల నిలబడితే ఎట్ల నాయనా? కాళ్లు కడుక్కొని రా, ముద్ద ఆరిపోతాంది," అంది భూదేవమ్మ. భర్తను కూడా పక్కనే కూచోబెట్టి ఇంకో ఆకు వేసింది.

ఇద్దరూ తిన్నారు. మూడో ముద్ద అయ్యాక బుచ్చిరాములు లేచి నిలబడి, గొంతులోది కాదు, సాక్షాత్తూ కడుపులోంచి, వసారా మారుమోగేలా త్రేన్చాడు. ఉమాపతి సారు చెయ్యి జేబులోకి పోయింది. భూదేవమ్మ చూసింది. చెయ్యి మెల్లగా, ఖాళీగా బయటికొచ్చింది.

కానీ ఆ సాయంత్రం ఆమె పాల లెక్క చూద్దామని గోడ క్యాలెండర్ దగ్గరికి వెళితే, ఆనాటి తేదీ మీద పెన్సిల్‌తో చిన్నగా ఒక గీత, పక్కనే 'బుచ్చిరాములు' అన్న పేరూ రాసి ఉన్నాయి.